పాక్ జలసంధి సముద్ర గడ్డిని తెచ్చి కాకినాడ అఖాతంలో నాటొచ్చా?

తాళ్ళరేవు_టీచర్:

అందరికీ నమస్కారం. తాళ్ళరేవు మండలంలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. సముద్ర గడ్డి (సీగ్రాస్) మీద పనిచేసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే సాయం కావాలి. కార్తీకం వెళ్లేలోగా నేను ఒకరికి మాట చెప్పాలి, తెలిసీ తెలియకుండా చెప్పడం ఇష్టం లేదు.

మా వైపు మడ మొక్కలు నాటించే ఒక స్వచ్ఛంద సంస్థవాళ్లు ఈసారి సముద్ర గడ్డి కూడా నాటుదామంటున్నారు. పాక్ జలసంధిలో గడ్డి దండిగా ఉంది కాబట్టి అక్కడి నుంచి వేళ్లతో సహా చాపలు చాపలుగా తెచ్చి, హోప్ ఐలాండ్ లోపలి వైపు అలల తాకిడి లేనిచోట పరుద్దామని ప్లాన్. మా పిల్లల్ని పంపమని అడిగారు. చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి మడ నాటినప్పుడు మా పిల్లలు బాగా పనిచేశారు, అందుకని.

నా ఇబ్బంది ఏంటంటే, గడ్డి మనకి లేకపోలేదు. పోయిన ఫాల్గుణంలో మా తొమ్మిదో తరగతి పిల్లలే చూపించారు. గాడిమొగ వైపు ఒక పాయ ఒడ్డున, పాటు బాగా తీసి నీళ్లు వెనక్కి పోయినప్పుడు, మడ చెట్ల ముందున్న బురద మీద పచ్చగా కనిపిస్తుంది. దూరం నుంచి పాచి అనుకుంటాం. వంగి చూస్తే ప్రతి కాడ చివరా ఆరేడు సన్నటి ఆకులు గుత్తిగా ఉన్నాయి, ఆకు పొడవు ఒక సెంటీమీటరు ఉంటుందేమో. బురదలో వేలు పెట్టి మెల్లగా లేపితే దారమంత సన్నటి తెల్ల కాండం అడ్డంగా పాకుతూ పోతోంది. కణుపుకో వేరు, కణుపుకో గుత్తి. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో పట్టుకోలేకపోయాం. అప్పుడే ఒక పిల్ల అడిగింది, "టీచర్, ఇదంతా ఒక్కటే మొక్కా, వేల మొక్కలా?" అని. నేను జవాబు చెప్పలేకపోయాను.

సంస్థవాళ్ల వాదన కూడా దాని మీదే ఉంది. "మీ దగ్గరున్న గడ్డి కొంచెమే, అదీ ఒకే మొక్క పిలకలై ఉంటుంది, బయటి గడ్డి కలిస్తే కొత్త రక్తం ఎక్కుతుంది" అంటున్నారు. జన్యు వైవిధ్యం మంచిదని నేనూ పాఠం చెప్తాను. అయినా మనసు ఒప్పుకోవడం లేదు. ఈ వాదనలో నిజమెంత? ఒకటో వేలో ల్యాబ్ లేకుండా తెలుసుకునే దారి ఏమైనా ఉందా?

పోలవరం_అబ్బాయి:

టీచర్ గారూ, మాది ఐ. పోలవరం. ఇప్పుడు తమిళనాడు తీరంలో సముద్ర గడ్డి డీఎన్‌ఏ మీద పనిచేస్తున్నాను. ముందు జవాబు చెప్పేస్తాను. వద్దనండి. గట్టిగా వద్దనండి. ఎందుకో రాస్తున్నాను, కొంచెం పెద్దదే అవుతుంది.

మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి అది హేలోఫిలా బెక్కారీ అనే సముద్ర గడ్డి అయ్యుండాలి. ఆకులు కాడ చివర గుత్తిగా రావడం, సన్నగా మొనదేలి ఉండడం, ఉప్పునీరూ మంచినీరూ కలిసే బురదలో మడ ముందు పెరగడం, మూడూ దాని లక్షణాలే. హేలోఫిలా ఓవాలిస్ అయితే ఆకులు జంటగా, కోలగా ఉంటాయి, మధ్య ఈనె నుంచి పక్కలకి పోయే ఈనెలు స్పష్టంగా కనిపిస్తాయి. బెక్కారీకి ఆ పక్క ఈనెలు ఉండవు. భూతద్దం పెడితే తేలిపోతుంది. ముప్పులో ఉన్న జాతుల్ని లెక్కగట్టే ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో బెక్కారీ 'వల్నరబుల్' (అంతరించే ముప్పున్న) వర్గంలో ఉంది. ఇంతగా తగ్గిపోతున్న మొక్కని మీ పిల్లలు ఊరి పక్కనే పట్టుకున్నారంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

పాక్ జలసంధి నుంచి చాపలుగా తవ్వుకొచ్చేది ఎక్కువగా సైమోడోసియా, సిరింగోడియం అనే రకాలు. అవి అసలు కుటుంబమే వేరు. మీరు క్లాసులో కిరణజన్య సంయోగక్రియ ప్రయోగానికి వాడే హైడ్రిల్లా ఉంది చూశారూ, మన పంట కాలువల్లో దొరికేది, అది ఈ హేలోఫిలాకి చుట్టం. సైమోడోసియా కాదు. వాటి మధ్య సంకరం జరగదు, కాబట్టి కొత్త రక్తం అన్న మాటే అక్కడ చెల్లదు. పైగా పాక్ జలసంధిని ఆనుకున్న పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్లని 2022లో తమిళనాడు ప్రభుత్వం ఈ గడ్డి మేసే సముద్రపు ఆవుల (డూగాంగ్‌ల) కోసం రిజర్వుగా ప్రకటించింది. వాటి మేత తవ్వి తెచ్చి మన దగ్గర పరచడం ఏ లెక్కలోనూ న్యాయం కాదు.

ఇక ఆ పాప అడిగిన ప్రశ్న. చాలా గొప్ప ప్రశ్న అది, మా ల్యాబుల్లో ఏళ్ల తరబడి చేసే పని అదే. రావులపాలెం వైపు అరటి తోట తీసుకోండి. ఎకరం తోటలో వందల గెలలుంటాయి, కానీ పిలక తీసి పిలక నాటుతాం కాబట్టి జన్యువుల లెక్కలో అదంతా ఒక్క మొక్కే. అమృతపాణి తోటకి పనామా తెగులు తగిలితే ఒక చెట్టుతో ఆగకపోవడం అందుకే. సముద్ర గడ్డికి రెండు దారులూ ఉన్నాయి. కాండం పాకించి పెరగగలదు, నీళ్లలోనే పూసి గింజ కట్టగలదు. ఏ దారి ఎంత వాడిందన్నది చోటుని బట్టి మారిపోతుంది.

ఎంత మారుతుందో రెండు ఉదాహరణలు చెప్తాను. పశ్చిమ ఆస్ట్రేలియా షార్క్ బేలో పొసిడోనియా ఆస్ట్రాలిస్ గడ్డి మైదానాలు పది చోట్ల నమూనాలు తీసి డీఎన్‌ఏ చూస్తే, దాదాపు అన్నీ ఒకే మొక్క అని తేలింది. ఆ చివరికీ ఈ చివరికీ 180 కిలోమీటర్లు. ఒక్క గింజ నుంచి 4,500 ఏళ్లుగా పాకుతూ వచ్చిందని అంచనా. 2022లో ఈ సంగతి బయటికొచ్చింది.

రెండోది మన హేలోఫిలా ఇంటి కథే. అమెరికాలో ఫ్లోరిడా తీరంలో హేలోఫిలా జాన్సోనీ అని ఒక గడ్డి ఉండేది. ఆడ పూలు మాత్రమే దొరికేవి, మగ పువ్వు ఎవరికీ కనపడలేదు. ప్రపంచంలో ఇంకెక్కడా లేని జాతి అని 1998లో ముప్పులో ఉన్న జాతుల జాబితాలో పెట్టి కాపాడారు. తరవాత అన్ని సముద్రాల నమూనాలతో జన్యువులు పోల్చి చూస్తే, అది వేరే జాతే కాదు. మన హిందూ మహాసముద్రంలోనూ పసిఫిక్‌లోనూ మామూలుగా ఉండే ఓవాలిస్ ఎలాగో అక్కడికి చేరి, తోడు లేక ఒక్క ఆడ మొక్కగానే పాకింది. 2022లో జాబితాలోంచి తీసేశారు. కంటికి కనిపించే ఆకారాన్ని నమ్ముకుంటే ఎంత దూరం వెళ్లిపోతామో చూడండి.

అందుకే బెక్కారీ ఒకటో వేలో ఇక్కడి నుంచి నేను చెప్పలేను. కానీ ఒక ఆధారం మీ దగ్గరే ఉండొచ్చు. వర్షాకాలంలో గోదావరి ఎర్రనీరు దిగి అఖాతం మంచినీళ్లయిపోయినప్పుడు ఆ గడ్డి ఏమవుతుంది? చచ్చిపోతుందా? చస్తే మళ్లీ ఎలా వస్తుంది, పాత దుబ్బుల అంచు నుంచి పాకుతుందా, కొత్తగా మొలుస్తుందా? రోజూ ఆ బురదలో తిరిగేవాళ్లని అడగండి. వాళ్లకి తెలిసినంత మాకు తెలియదు.

భైరవపాలెం_పీతలు:

టీచర్ గారికి నమస్కారమండి. మాది పీతల వేట. ఆ గడ్డి నాకు బాగా ఎరికేనండి, మండపీత పిల్లలు దాంట్లోనే దాక్కుంటాయి. గోరంత రొయ్యపిల్ల కూడా ఉంటది. అందుకే దాని మీద నుంచి నడవొద్దని మా నాన్న అనేవాడు.

తమ్ముడు అడిగినదానికి చెప్తున్నాను. శ్రావణ భాద్రపదాల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు ఆ గడ్డి ఒక్క ముక్క ఉండదండి. కుళ్లిపోయి కొట్టుకుపోద్ది. పైన కొత్త ఒండ్రు పడద్ది. దీపావళికి కూడా ఏమీ కనపడదు. నీళ్లు ఉప్పెక్కినాక, సంక్రాంతి ముందూ వెనకా, మళ్లీ వస్తాది. అంచు నుంచి పాకుతూ రాదండి. బురదంతా చుక్కలు చుక్కలుగా పుడతాది. రెండే ఆకులు, దగ్గరికెళ్తే గానీ కనపడవు. శివరాత్రికి ఆ చుక్కలన్నీ కలిసిపోయి పచ్చగా పరుచుకుంటాది. ప్రతి ఏడూ ఒకే చోట రాదు కూడా. పోయినేడు వచ్చిన చోట ఈ ఏడు ఉండకపోవచ్చు, పాయ మలుపు అవతల ఉండొచ్చు. వరద పెద్దదైన ఏడు తక్కువ వస్తాది.

ఇంకో మాటండి. చలికాలం బాతులు దిగేది ఆ బురదల మీదే.

ఉప్పాడ_హేచరీ:

చర్చ బాగుంది, కానీ నాకు రెండు సందేహాలు. నేను రొయ్య పిల్లల హేచరీలో టెక్నీషియన్‌ని. తల్లి రొయ్యలు దగ్గర చుట్టాలైతే పిల్ల ఎదుగుదల ఎలా పడిపోతుందో కళ్లారా చూస్తుంటాం, అందుకే వనామీ రకం తల్లి రొయ్యల్ని విదేశాల నుంచి తెప్పించి చెన్నైలో క్వారంటైన్ చేయించి మరీ తెచ్చుకుంటారు. వైవిధ్యం విలువ నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మరి పోలవరం తమ్ముడు చెప్పిన ఆస్ట్రేలియా మొక్క ఒంటరిగానే 4,500 ఏళ్లు బతికేసిందిగా? వైవిధ్యం లేకపోతే కొంపలు మునుగుతాయన్నది గడ్డి విషయంలో నిజమేనా?

రెండోది, నాకు అసలు బాధ నీళ్ల గురించి. చెరువుల మురుగు వదిలే కాలువలు, ఫ్యాక్టరీల నీళ్లు, పూడిక తీతలు, అన్నీ ఆ అఖాతంలోకే. గడ్డికి ఎండ తగలాలి కదా. మడ్డి నీళ్లలో మీరు ఏ జన్యువు నాటినా చస్తుంది. ముందు అది మాట్లాడుకోవాలి అని నా మనవి.

పోలవరం_అబ్బాయి:

పీతల బాబాయ్, మీ పోస్టు చదివి లేచి నిలబడ్డాను. మా రంగంలో దాన్ని రాతపూర్వకంగా నమోదు చేయడానికి ఎంతో కష్టపడతాం. చుక్కలుగా పుడుతోందంటే గింజ నుంచి మొలుస్తోందన్నమాట. హేలోఫిలా గింజ ఆవగింజ కన్నా చిన్నది, తేలదు, తల్లి దగ్గరే బురదలో దిగి నెలల తరబడి నిద్రపోతుంది. నీళ్లూ వెలుగూ కుదిరినప్పుడు లేస్తుంది. అంటే ఏటా ఎర్రనీరు పాత తరాన్ని తుడిచేస్తోంది, బురదలో దాచుకున్న గింజ కొత్త తరాన్ని లేపుతోంది. 180 కిలోమీటర్ల ఒక్క మొక్క కథకి ఇది పూర్తిగా ఎదురు కథ. టీచర్ గారూ, సంస్థవాళ్లు అన్న "ఒకే మొక్క పిలకలు" ఇక్కడ నిజమయ్యే అవకాశం బాగా తక్కువ. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఒకే మొక్క పుప్పొడి దానికే తగిలి గింజ కట్టినా మొలకలు వస్తాయి, అప్పుడు వైవిధ్యం మనం ఆశించినంత ఉండదు. అది డీఎన్‌ఏతోనే తేలుతుంది.

బాతుల మాట కూడా తేలిగ్గా తీసుకోకండి. సముద్ర గడ్డి మేసిన బాతుల పొట్టలో గింజలు కొన్ని చావకుండా బయటపడతాయి. ఆస్ట్రేలియాలో సముద్రపు ఆవుల పేడలోనూ, పచ్చ తాబేళ్ల పేడలోనూ మొలకెత్తే గింజలు దొరికాయి. పాయ మలుపు అవతల కొత్త దుబ్బు వచ్చిందంటే వరదో, పిట్టో మోసుకెళ్లి ఉంటుంది.

హేచరీ అన్నయ్యా, మీ మొదటి సందేహం నిజంగా గట్టిది. షార్క్ బే మొక్క మామూలు పిలక కాదు. దాని చుట్టాలకి 20 క్రోమోజోములుంటే దానికి 40. ఇద్దరు తల్లిదండ్రుల మొత్తం జన్యువులూ విడిపోకుండా దాని ఒంట్లోనే ఉన్నాయి. ఒక్క మొక్కలోనే అంత సరుకు. మళ్లీ, పాకే కాండంలో కణం విడిపోయిన ప్రతిసారీ చిన్న చిన్న మార్పులు పేరుకుంటాయి. బాల్టిక్ వైపు ఈల్‌గ్రాస్ అనే గడ్డిలో ఆ మార్పుల్ని లెక్కగట్టి ఒక మొక్క వయసు 1,400 ఏళ్లు దాటిందని తేల్చారు. కాబట్టి ఒంటరి మొక్క పూర్తిగా గడ్డకట్టుకుపోయి ఉండదు, నెమ్మదిగా మారుతూనే ఉంటుంది.

కానీ నెమ్మదిగా. కష్టం ఒక్కసారిగా వచ్చినప్పుడే తేడా బయటపడుతుంది. కాలిఫోర్నియా బొడేగా బేలో ఈల్‌గ్రాస్‌ని కొన్ని మడుల్లో ఒకే రకం, కొన్నిట్లో చాలా రకాలు కలిపి నాటి చూశారు. మామూలు రోజుల్లో రెండిటికీ పెద్ద తేడా లేదు. పెద్దబాతుల గుంపు దిగి మేసేశాక, రకాలు ఎక్కువున్న మడులు తక్కువ నష్టపోయి త్వరగా తేరుకున్నాయి. 2004లో వచ్చిన పరిశోధన అది. మరుసటి ఏడు బాల్టిక్ నుంచి ఇంకోటి వచ్చింది, 2003 వేసవి వేడి యూరప్‌ని కాల్చేసినప్పుడు కూడా అదే జరిగింది. మన దగ్గర కష్టం ఏటా వస్తుంది, దాని పేరు ఎర్రనీరు. ఆ పరీక్షలో నెగ్గిన గింజలే మళ్లీ మొలుస్తున్నాయి. అలా తరాల తరబడి గోదావరి చేతిలో వడగట్టిన గింజ అది. ఒకే జాతి బెక్కారీనే ఇంకో తీరం నుంచి తెచ్చినా నేను వద్దనేది ఇందుకే. పెద్ద నది దిగని తీరంలో పెరిగిన మొక్క పుప్పొడి ఇక్కడ కలిస్తే, వరదని తట్టుకునే అమరిక సడలిపోయే ప్రమాదం ఉంది. ఓవాలిస్ విషయంలోనే చూడండి, థాయ్-మలయా ద్వీపకల్పానికి ఇటు వైపు గడ్డీ అటు వైపు గడ్డీ జన్యువుల్లో స్పష్టంగా విడిపోయి ఉన్నాయి. మధ్యలో ఉన్నది సన్నటి నేల ముక్కే. ఎక్కడి గడ్డి అక్కడి చరిత్రని మోస్తుంది. కలిపేశాక విడదీయలేం.

నాకు ఈ మొక్కలంటే ఇంత పిచ్చి ఎందుకంటే, ఇవి నాచులు కావు, నేల మీద పూసి తిరిగి సముద్రంలోకి దిగిన మొక్కలు. సుమారు 10 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది ఆ ప్రయాణం, అదీ కనీసం మూడు వేరు వేరు వంశాలు ఎవరికి వారుగా దిగాయి. ఈల్‌గ్రాస్ జన్యుపటం 2016లో చదివితే, పత్రరంధ్రాలు తయారుచేసే జన్యువులే లేవు. పురుగుల్ని పిలిచే వాసనల జన్యువులు పోయాయి. నీళ్లలో అవసరం లేనివి వదిలేసింది, ఉప్పులో బతకడానికి కణగోడని మార్చుకుంది. హేలోఫిలా పుప్పొడి అయితే విడి గింజలుగా రాలదు, వరసగా గొలుసుగా నీళ్లలో వదులుతుంది, ఆడ పువ్వుకి తగిలే వీలు పెరుగుతుందని. అంత దూరం నడిచొచ్చిన దాన్ని ఒక సీజను ప్రాజెక్టు కోసం కలగాపులగం చేయకూడదు.

నీళ్ల గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం, దాంట్లో నాకు వాదన లేదు. అమెరికాలో వర్జీనియా తీరపు అఖాతాల్లో 1930లలో తెగులూ తుపానూ కలిసి ఈల్‌గ్రాస్‌ని తుడిచేస్తే, దాదాపు డెబ్భై ఏళ్ల తరవాత 7 కోట్లకు పైగా గింజలు చల్లి తిరిగి లేపారు. ఇప్పుడు 3,600 హెక్టార్లు దాటింది. అక్కడ రెండు సంగతులు కుదిరాయి. నీళ్లు తేటగా ఉన్నాయి, గింజ ఆ చుట్టుపక్కల గడ్డిదే. చాపలు తవ్వి నాటలేదు, గింజ చల్లారు. అందుకే వైవిధ్యం కూడా నిలబడింది. మనకి రెండోది బురదలోనే సిద్ధంగా ఉంది. మొదటిది లేదు. సంస్థవాళ్ల డబ్బు ఖర్చు కావాలంటే నీళ్లలో వెలుగు ఎంత లోతుకి దిగుతోందో నెలనెలా కొలిపించండి, మురుగు ఏ కాలువ నుంచి ఎప్పుడొస్తోందో రాయించండి.

ల్యాబ్ లేకుండా చేయగలిగింది: సంక్రాంతి నుంచి చుక్కలు ఎక్కడ మొలుస్తున్నాయో పిల్లలతో మ్యాపు గీయించండి. పూత ఎప్పుడు, కాయ ఎప్పుడు, రాయించండి. కొంచెం బురద తీసి సన్నటి జల్లెడలో కడిగితే గింజలు కనిపిస్తాయి. తరవాత డీఎన్‌ఏ కావాలంటే మూడేసి నాలుగేసి మీటర్ల దూరంలో ఒక్కో లేత గుత్తి తుంచి, తేమ పీల్చే సిలికా జెల్‌లో ఎండబెట్టాలి. లెక్క సులువు. దొరికిన వేరు వేరు రకాల సంఖ్యలో ఒకటి తీసేసి, మొత్తం గుత్తుల సంఖ్యలో ఒకటి తీసేసిన దానితో భాగించండి. సున్నా వస్తే అంతా ఒకటే మొక్క, ఒకటి వస్తే ఏ గుత్తికి ఆ గుత్తే. ఆ పాప ప్రశ్నకి జవాబు అంకెల్లో వస్తుంది. కానీ అటవీ శాఖ అనుమతి రాకుండా ఒక్క ఆకు కూడా తుంచకండి, ఆ చోటు కోరంగి అభయారణ్యం హద్దుల్లో ఉండొచ్చు.

తాళ్ళరేవు_టీచర్:

తమ్ముడూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్. సంస్థవాళ్లతో ఇవాళే మాట్లాడాను. మొదట నొచ్చుకున్నారు. గడ్డి కుటుంబాలే వేరన్న సంగతి, 448 చదరపు కిలోమీటర్ల రిజర్వు సంగతి చెప్పాక నాటడం ఆపుతామన్నారు. నీటి కొలతలకి పరికరాలు కొనిపెడతామన్నారు, హేచరీ అన్నయ్య గారు ఏది కొనాలో చెప్తే బాగుంటుంది. అనుమతికి దరఖాస్తు రాస్తున్నాను, మొదటి ఏడు తుంచడం పెట్టుకోను, చూడడం, రాయడం, ఫొటో తీయడం అంతే. ప్రశ్న అడిగిన పిల్లకి మీ పోస్టు చదివి వినిపించాను. "అయితే పోయినేడు చూసిన మొక్కలు ఇప్పుడు లేవా టీచర్?" అంది. లేవు, వాటి గింజలున్నాయి అన్నాను. సరిగ్గానే చెప్పానా?

పీతల అన్నయ్య గారూ, సంక్రాంతి తరవాత పిల్లల్ని తీసుకొస్తే చుక్కలు చూపించగలరా?

ఉప్పాడ_హేచరీ:

నీటి తేట చూడడానికి సెకీ డిస్కు ఒకటి చాలండి, నలుపూ తెలుపూ వేసిన పళ్లెం, తాడు కట్టి దించడమే. కొననక్కర్లేదు, మా దగ్గర చేసిస్తాను. ఉప్పుదనం చూసే రిఫ్రాక్టోమీటర్ మాత్రం కొనిపించండి. చెరువుల వాళ్లకి అమ్మే షాపుల్లో దొరుకుతుంది. రెండూ ఎలా చూడాలో పిల్లలకి నేను నేర్పుతాను.

పోలవరం_అబ్బాయి:

సరిగ్గానే చెప్పారు టీచర్ గారూ.

భైరవపాలెం_పీతలు:

తప్పకుండా రండమ్మా. అమావాస్యకి పాటు ఎక్కువ తీస్తాది, అప్పుడు పెట్టుకోండి. పడవ నాది ఉంది. పిల్లలకి మోకాలు దాటి బురదవుద్ది, పాత బట్టలు వేసుకు రమ్మనండి. గుల్లలు కాళ్లు కోసేస్తాయి, కాలికి గట్టిగా పట్టే బూట్లు లేనివాళ్లని కిందికి దింపొద్దు. పడవలోంచి చూపిస్తాను.